గ్రైప్ వాటర్ డబ్బా

తెనాలిలో నాకొక మందుల షాపుంది. డి.ఫార్మసీ చదివి, లైసెన్సుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించి పాతికేళ్ళు దాటింది. థైరాయిడ్ బిళ్ళల సీసా చేతిలో పెట్టేటప్పుడు నా నోటి వెంట ఒక పాఠం దానంతటదే వస్తుంది: "పొద్దున్నే పరగడుపున, మంచినీళ్ళతో వేసుకోండి. ఆ తర్వాత గంటసేపు ఏమీ తినొద్దు. కాఫీ కూడా తాగొద్దు. క్యాల్షియం, ఐరన్ బిళ్ళలుంటే నాలుగు గంటలాగి వేసుకోవాలి." నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా అప్పజెబుతాను. ఇంత తెలిసినవాడు తన సొంత థైరాయిడ్ దగ్గరికొచ్చేసరికి ఎన్ని వెధవ పనులు చేశాడో చెప్పుకుంటే షాపు పరువు పోతుందని మా ఆవిడ భయం. పోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదని నా నమ్మకం.

మొదట్లో ఒళ్ళు బరువెక్కింది. మధ్యాహ్నం అన్నం తినొచ్చి కౌంటరు వెనక కుర్చీలో కూలబడితే లేవబుద్ధయ్యేది కాదు. యాభై దాటాయి కదా అనుకుని బి-కాంప్లెక్స్ షీటు తెంపాను. విరేచనం సాఫీగా కావడం లేదు, ఇసబ్‌గోల్ డబ్బా విప్పాను. చర్మం పొట్టు లేస్తోంది, లిక్విడ్ పారాఫిన్ రాశాను. గొంతు బొంగురుపోయింది. ఫోనులో ప్రతివాడూ "జలుబు చేసిందా అండీ?" అంటుంటే దగ్గు బిళ్ళలు చప్పరించాను. ఏప్రిల్ ఎండలో షాపుకొచ్చినవాళ్ళు ఫ్యాను కింద నిలబడి చెమటలు తుడుచుకుంటుంటే నేను మాత్రం ఫ్యాను తగ్గించమనేవాణ్ణి. చలికి మా షాపులో మందు లేదు కనక దాన్ని లెక్కలోకే తీసుకోలేదు.

మందుల షాపు వాడి చూపే అంత. జబ్బు మనిషిలో కనబడదు, అరల్లో కనబడుతుంది. ఒక్కో బాధకీ ఒక్కో అర, చెయ్యి చాస్తే అందుతుంది, డబ్బులివ్వక్కర్లేదు. ఇవన్నీ కలిసి ఒకే మాట చెబుతున్నాయేమోనన్న అనుమానం రావాలంటే కౌంటరు దాటి అవతల నిలబడి ఈ మనిషిని ఒకసారి చూడాలి. అంత తీరిక నాకెక్కడిది?

ఆ మధ్య పక్క సందులో ల్యాబు పెట్టిన కుర్రాడు అభిమానం కొద్దీ రక్తం తీసుకెళ్ళి కొలెస్ట్రాల్ చూశాడు. చెడ్డ కొలెస్ట్రాల్ 196. దీనికి డాక్టరు దాకా ఎందుకులే, ఎన్ని చీటీల్లో చూడలేదు అనుకుని అటార్వాస్టాటిన్ 20 రాత్రిపూట మొదలెట్టేశాను. కొన్నాళ్ళకి తొడలు పట్టేశాయి. పై అరలో మందు తీద్దామని నిచ్చెన రెండు మెట్లెక్కేసరికి కాళ్ళు వణికేవి. దానికి నొప్పి బిళ్ళ. నొప్పి బిళ్ళతో కడుపులో మంట, దానికి పాంటాప్రజోల్. రాత్రి పడుకునే ముందు చూసుకుంటే అరచేతి నిండా రంగురంగుల బిళ్ళలు పోగయ్యేవి.

థైరాయిడ్ మందగిస్తే కాలేయం రక్తంలోంచి చెడ్డ కొలెస్ట్రాల్‌ని లాగేసే పనీ మందగిస్తుంది. అలా పెరిగిన కొలెస్ట్రాల్‌కి అసలు కారణం చూడకుండా స్టాటిన్ వేసుకుంటే కండరాలు నొప్పి పుట్టే అవకాశం మామూలు కన్నా ఎక్కువ. అందుకే ముందు థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చూడమంటారు. ఈ హెచ్చరిక ఆ మందు వివరాల్లోనే ఉంటుంది. రోజూ అమ్మే సరుకుని ఎవడు చదువుతాడండీ!

చివరికి పట్టుకున్నది ఆ ల్యాబు కుర్రాడే. "బాబాయ్, మొహం ఉబ్బినట్టుంది, కనుబొమల చివర్లు పల్చబడ్డాయి. ఒకసారి థైరాయిడ్ కూడా చూద్దామా?" అన్నాడు.

"అది ఆడవాళ్ళకొచ్చేదిరా" అన్నాను. డి.ఫార్మసీ చదివిన నోటి నుంచి వచ్చిన మాట ఇది.

వాడు నా మాట చెవిన పెట్టకుండా టెస్టు చేసేశాడు. టీఎస్‌హెచ్ మామూలుగా 0.4 నుంచి 4 దాకా ఉండాలి. నాది 68. శాంపిలు మారిపోయిందేమోనని వాడి మీద కేకలేసి మళ్ళీ తీయించాను. ఈసారి 71 వచ్చింది. యాంటీ టీపీఓ యాంటీబాడీలైతే మిషను కొలిచే హద్దు దాటిపోయాయి.

గుంటూరు కొత్తపేటలో హార్మోన్ల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన రిపోర్టు పక్కన పెట్టి, నన్ను కుర్చీ మీద మోకాళ్ళతో నిలబడమని, మడమ వెనక చిన్న సుత్తితో తట్టారు. పాదం టక్కున కదిలింది. తిరిగి యథాస్థానానికి రావడానికి మాత్రం తాపీగా, ఇష్టం లేనట్టు వచ్చింది. "చూశారా, కండరానికి కూడా తొందర లేదు" అన్నారు నవ్వుతూ. 68, 71 అని అచ్చులో చూసినప్పుడు కలగని భయం ఆ పాదాన్ని చూసినప్పుడు కలిగింది.

ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే థైరాయిడ్ గ్రంథిని పరాయిదనుకుని ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా తినేస్తాయని, అదే హషిమోటో థైరాయిడైటిస్ అని చెప్పారు. మెదడు కింద ఉండే పిట్యూటరీ, "లేవరా, పని చెయ్యరా" అని పైనుంచి అరుస్తుంటుంది. ఆ అరుపే టీఎస్‌హెచ్. కింద పనివాడు లేవలేకపోయేకొద్దీ అరుపు పెరుగుతుంది. మా షాపుకొచ్చేవాళ్ళలో చాలామంది టీఎస్‌హెచ్ పెరిగితే "థైరాయిడ్ ఎక్కువైందండీ" అంటారు. అంకె పైకెళ్తే గ్రంథి కిందికెళ్ళినట్టమ్మా అని వాళ్ళకి నేను సర్దిచెప్పేవాణ్ణి, పెదాల చివర ఒక చిన్న నవ్వుతో. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

పూర్తి మోతాదు కిలో బరువుకి సుమారు 1.6 మైక్రోగ్రాములు. వయసూ గుండే చూసుకుని తక్కువతో మొదలుపెట్టి పెంచుతారు. నాకు 50 రాశారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ టెస్టు.

"ఎన్నాళ్ళు వాడాలి సార్?"

"ఉన్నన్నాళ్ళు."

ఈ జవాబు కౌంటరు మీద నేను ఎంతమందికిచ్చానో! "బీపీ బిళ్ళలాగే అనుకోండమ్మా, అలవాటైపోతుంది" అని తేలిగ్గా అనేసేవాణ్ణి. నాదాకా వచ్చేసరికి ఎవరో నలుగురిలో నా పరువు తీసినట్టనిపించింది.

తిరుగు ప్రయాణం బస్సులో ఫోను తీసి ఆ పేరు ఎవరిదా అని వెతికాను. హకరు హషిమోటో జపాన్ డాక్టరు. ఫుకువోకాలో కుర్ర సర్జనుగా ఉండగా నలుగురు రోగుల గ్రంథుల్ని కోసి పరీక్షించి, 1912లో జర్మన్ పత్రికలో వ్యాసం రాశాడు. ఆ తర్వాత సొంతూరు చేరి మామూలు డాక్టరుగా ఉండిపోయాడు. 1934లో టైఫాయిడ్‌తో పోయాడు. ఒళ్ళే తన గ్రంథి మీద యాంటీబాడీలు తయారుచేసుకుంటోందని లండన్‌లో తేలింది 1956లో, ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకి. ఇదంతా చదివి నేను పట్టుకున్న ముక్క ఒక్కటే: ఆ నలుగురు రోగులూ ఆడవాళ్ళు. చూశావా, నేను చెప్పలేదూ! మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళకి ఎన్నో రెట్లు ఎక్కువగా వస్తుందన్న మాట నిజమే. మగవాడికి రాదని మాత్రం ఎవరూ రాయలేదు.

ఆడవాళ్ళ జబ్బొచ్చిందన్న సిగ్గే నా కొంప ముంచింది. ఇంట్లో పెడితే వచ్చేపోయే చుట్టాలు చూస్తారు, షాపు అరలో ఉంచితే కుర్రాళ్ళు చూస్తారు. అందుకని నా సీసాని ఖాళీ గ్రైప్ వాటర్ డబ్బాలో దూర్చి గల్లాపెట్టె వెనక పెట్టాను. మా ఆవిడ అడిగితే డాక్టరు విటమిన్లు రాశాడని చెప్పాను. సీసా షాపులో ఉంది కనక బిళ్ళ కూడా షాపు తెరిచాకే, అంటే ఇంట్లో ఇడ్లీ తిని కాఫీ తాగొచ్చిన తర్వాతే. షట్టరు ఎత్తి, దేవుడి పటానికి అగరొత్తి వెలిగించి, ఎదురు హోటలు నుంచి వచ్చిన రెండో కాఫీతో గుటుక్కున మింగేవాణ్ణి. వెంటనే క్యాల్షియం, దాంతోపాటే పాంటాప్రజోల్. క్యాల్షియం ఈ హార్మోన్‌ని పేగులోనే పట్టేసుకుంటుంది, కాఫీ ఒంటికి అందనివ్వదు, కడుపులో ఆమ్లం తగ్గితే బిళ్ళ సరిగ్గా కరగదు. ఊళ్ళో అందరికీ నేను వద్దని చెప్పేవన్నీ ఏరి మరీ ఒకే గుక్కలో చేసేవాణ్ణి.

టీఎస్‌హెచ్ దిగినట్టే దిగి ముప్ఫైల్లో ఆగిపోయింది. డాక్టరు 75 చేశారు, 100 చేశారు, 150 దాకా వెళ్ళారు. "పరగడుపునే వేసుకుంటున్నారా?" అని ప్రతిసారీ అడిగేవారు. మందుల షాపు వాణ్ణి పట్టుకుని ఆ ప్రశ్నా అన్నట్టు మొహం పెట్టి "అయ్యో, అది నాకు తెలియదా సార్" అనేవాణ్ణి. ఇది అబద్ధం కూడా కాదు, తెలుసు కదా! ఆయన పాపం మందు ఒంటికెందుకు పట్టడం లేదని బుర్ర బద్దలు కొట్టుకుని, గోధుమ పడని జబ్బుందేమోనని రక్తపరీక్ష రాశారు, అదీ తేలకపోతే గొంతులోంచి గొట్టం వేసి చూద్దామన్నారు. గొట్టం మాట వినగానే కాళ్ళు చల్లబడ్డాయి. అప్పటికైనా నోరు విప్పానా? లేదు.

మార్కెట్లో ఆకుకూరలమ్మే ఒకావిడ మా షాపుకే వస్తుంది. ఆవిడది 75 బిళ్ళ. ఆ వేళ సీసా ఇస్తూ అలవాటు కొద్దీ పాఠం మొదలెట్టాను. ఒక చేతిలో గ్రైప్ వాటర్ డబ్బా, కౌంటరు మీద పొగలు కక్కే కాఫీ గ్లాసు, నాలుక మీద బిళ్ళ. ఆవిడ డబ్బాలోంచి తొంగిచూస్తున్న సీసా మూతని చూసింది, కాఫీని చూసింది, నన్ను చూసింది.

"అన్నా, అది నా బిళ్ళే గదా? నువ్వేందీ, కాఫీతో ఏసుకుంటన్నావు?"

నోట్లో బిళ్ళ పెట్టుకుని ఏం చెప్పను!

"నేను మూడున్నరకి లేస్తానన్నా. సీసా తలగడ పక్కనే ఉంటది. కళ్ళు తెరవంగానే నీళ్ళతో ఏసుకునే మొహం కడగటం. మార్కెట్టుకి పోయి తోటకూర కట్టలు దింపేతలికి గంట దాటుద్ది, అప్పుడు టీ. అంతా నువ్వు చెప్పిందే గదా." సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసి రిపోర్టు చూపించింది. టీఎస్‌హెచ్ 2.1. అంతకు ముందుది 1.9. తడి ఆకుకూరల మధ్య నలగకుండా ఆ కాయితాల్ని ఆవిడ మడతపెట్టుకున్న తీరు చూస్తే, మా షాపు లైసెన్సు ఫ్రేము ఆవిడింట్లో ఉండాల్సింది అనిపించింది.

మర్నాటి నుంచి పరగడుపునే వేసుకున్నాను. ఇక్కడితో బుద్ధొచ్చిందనుకుంటే పొరపాటు. డాక్టరుకి మాత్రం చెప్పలేదు. ఒంటికందని మందుకి అలవాటుపడి పెంచిన 150, ఇప్పుడు పూర్తిగా అందడం మొదలైంది. గుండె దడదడలాడేది. బిల్లు రాస్తుంటే చెయ్యి వణికేది. రాత్రి రెండింటికి మెలకువొచ్చి షాపు స్టాకు లెక్కలు గుర్తొచ్చేవి. అదేదో కొత్త హుషారనుకుని సంబరపడ్డాను. బరువు రెండు కిలోలు తగ్గేసరికి ఇంకా ఉత్సాహం. ఈసారి టీఎస్‌హెచ్ 0.02. హార్మోన్ మితిమీరితే గుండె లయ తప్పొచ్చు, ఎముకలు గుల్లబారొచ్చు. గుంటూరులో ఆయన ఈసీజీ తీయించి, తలుపు దగ్గరికి వేయమని నర్సుకి చెప్పి, "ఇప్పుడు నిజం చెప్పండి" అన్నారు. చెప్పాను. కాఫీ, క్యాల్షియం, డబ్బా, ఏదీ దాచలేదు.

"నేను మీ పేగుల్ని అనుమానించాను. మిమ్మల్ని అనుమానించి ఉండాల్సింది" అన్నారాయన. గొట్టం మాట మళ్ళీ రాలేదు. చివరికి 112 దగ్గర అంకె కుదురుకుంది. కొలెస్ట్రాల్ చాలా మటుకు దానంతటదే దిగింది. స్టాటిన్ అక్కర్లేదన్నారు.

రిపోర్టు బాగుంది కదా, ఇక బిళ్ళెందుకు అన్న బుద్ధి పుట్టింది ఆ తర్వాతే. బిళ్ళ వేసుకుంటున్నాను కనక బాగుందన్న సంగతి మనసుకి ఎక్కదెందుకో! దానికి తోడు మా బావమరిది వాట్సాప్‌లో ధనియాల నీళ్ళ వైద్యం పంపాడు. నేను దాన్ని మించి, సొంత తర్కం ఒకటి అల్లాను. మన శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి గారు 1956లో కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనం గురించి కాలేజీలో చదువుకున్నాను. కొన్ని ఊళ్ళకి అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు పంచి చూస్తే, అయోడిన్ అందినచోట గొంతువాపులు బాగా తగ్గాయి. అయోడిన్ ఉప్పు దేశమంతా రావడానికి పునాదుల్లో అదొకటి. సరే, థైరాయిడ్‌కి కావలసింది అయోడినే కదా అని ఆన్‌లైన్‌లో సముద్రపు నాచు క్యాప్సూల్స్ తెప్పించి, బిళ్ళ ఆపేశాను. కాంగ్రా వాళ్ళకి అయోడిన్ లోటు. నాకు లోటు లేదు, ఇంటిదొంగ ఉన్నాడు. ఈ జబ్బున్న గ్రంథికి అయోడిన్ మితిమీరితే మేలు మాట అటుంచి, ఉన్న కాస్త పనీ ఆగిపోవచ్చు.

దీంట్లో ఇంకో మోసముంది. ఈ హార్మోన్ ఒంట్లో సగానికి తగ్గడానికి వారం పడుతుంది. ఆపిన మర్నాడు ఏమీ కాదు, తర్వాతి వారమూ పెద్దగా ఏమీ తెలియదు. నిల్వ మీద బండి నడిచిన ఆ రోజుల్లో నేను "అసలీ బిళ్ళలు కంపెనీల వ్యాపారమండీ" అని రెప్‌లకే క్లాసు పీకాను. బిళ్ళలమ్మి బతికేవాణ్ణి!

ధనుర్మాసానికి స్వెట్టరు వేశాను. తెనాలిలో ధనుర్మాసపు చలి ఏపాటిదో తెనాలివాళ్ళకి తెలుసు. సంక్రాంతికి రమ్మని రేపల్లె నుంచి అక్క ఫోను చేసింది. నేను "హలో" అనగానే అవతల కాసేపు మాట లేదు.

"ఏమ్మా, వినబడుతోందా?"

"నీ గొంతేమైందిరా? అచ్చం అమ్మ మాట్లాడినట్టుంది."

డాక్టరు మొదటిసారే అడిగారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని. లేదని తడుముకోకుండా చెప్పాను. అమ్మ గుర్తే రాలేదు. వైశాఖమాసంలో శాలువా కప్పుకునేది. మధ్యాహ్నం కూర్చున్నచోటే నిద్రపోయేది. ఒకటికి రెండుసార్లు పిలిస్తే గాని పలికేది కాదు. బొంగురు గొంతు, ఉబ్బిన కాళ్ళు. నాన్న "మొద్దు" అనేవాడు, మేమూ నవ్వేవాళ్ళం. నేను షాపు పెట్టాక అమ్మకి కొదవ చేయలేదు: నీరసానికి ఐరన్ టానిక్, మోకాళ్ళకి నొప్పి బిళ్ళ, కాళ్ళకి ఆయింట్‌మెంట్, ఒక్కో బాధకీ ఒక్కో అర. అమ్మది ఇదే జబ్బని ఇప్పుడు రుజువు చేయలేను. ఆవిడ రక్తం ఎవరూ తీయలేదు. ఆ టెస్టు అప్పటికే తెనాలిలో చేస్తున్నారు, మా షాపుకి ఎదురు వరసలో.

ఆ సాయంత్రమే బిళ్ళ మొదలెట్టాను, మొదలెట్టానని గుంటూరుకి ఫోను చేసి చెప్పాను కూడా. ఇప్పుడు సీసా ఇంట్లో, బ్రష్షుల గ్లాసు పక్కనే ఉంటుంది. మా ఆవిడకి ఎప్పుడో తెలుసట. మందుల షాపు వాడి పెళ్ళానికి విటమిన్ సీసా ఏదో తెలియదా అంది. బరువు మాత్రం అనుకున్నంత తగ్గలేదు. అదంతా థైరాయిడ్ చలవే అనుకోవడం కూడా నా భ్రమేనట. యాంటీబాడీల అంకె ఎంత తగ్గిందోనని నెలనెలా చూపించుకునేవాణ్ణి. అదీ ఆయన మాన్పించేశారు. జబ్బేమిటో తేలాక ఆ అంకెతో వైద్యం మారదు.

ఈ జబ్బు కుటుంబాల్లో నడుస్తుంది కనక అక్కని రేపల్లె నుంచి పిలిపించి టెస్టులు చేయించాను. టీఎస్‌హెచ్ 2.8, బాగానే ఉంది. యాంటీ టీపీఓ మాత్రం ఉంది. ఇంగ్లండ్‌లో విక్హామ్ అనే చోట ఊరి జనాన్ని ఇరవై ఏళ్ళు గమనించిన అధ్యయనం ఒకటుంది. దాని ప్రకారం, టీఎస్‌హెచ్ పెరగకుండా యాంటీబాడీలు మాత్రమే ఉన్న ఆడవాళ్ళలో ఏడాదికి నూటికి ఇద్దరు చొప్పున హార్మోన్ లోటులోకి వెళ్తారు. అంటే ఇప్పుడు చేయాల్సింది ఏడాదికోసారి టీఎస్‌హెచ్ చూసుకోవడం, అంతే. మందు అక్కర్లేదు.

అక్కకి ఇదంతా చెబుతూనే ఉన్నాను, నా చెయ్యి దానంతటది వెనక అరల మీద తడుముతోంది, ఏదో ఒక షీటు చేతిలో పెట్టకుండా మనిషిని పంపడం అలవాటు లేక. అక్క ఆ చెయ్యి వంక చూసింది.

"ఏ మందూ లేదా?"

"లేదక్కా."

"అమ్మయ్య. బజార్లో ముగ్గుపిండి కొనుక్కోవాలి, పద."